సెలవుచీటి – సటీకా తాత్పర్యము

మూలము: యాజ్ ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్, ఐ కెనాట్ అటెండ్ టు స్కూల్ ఫర్ టూ డేస్.

అవతారిక: కవి ఆరో తరగతి, బి సెక్షను. కృతిభర్త హెడ్మాస్టరు. రచనాకాలం సోమవారం పొద్దున్న, బడిగంటకు ముందు.

ప్రతిపదార్థము: యాజ్ = ఎందుచేతననగా; ఐ = నేను; సఫరింగ్ = బాధపడుచున్నవాడను; ఫీవర్ = జ్వరము (క్రికెట్టు మ్యాచి అని కొందరు); విత్ = తోడ.

వ్యాఖ్య: చిక్కంతా ఈ ‘విత్’తోనే. జ్వరంతో బాధపడటం మనకు తృతీయా విభక్తి. ఇంగ్లీషువాడు ఇక్కడ పంచమి అడుగుతాడు, ‘ఫ్రమ్’ వెయ్యమంటాడు. సరే, వేద్దాం. కానీ ‘సఫరింగ్’ తీసి ‘డౌన్’ పెట్టగానే వాడే మళ్ళీ ‘విత్’ కావాలంటాడు. అదే జ్వరం, అదే పిల్లవాడు, అదే దుప్పటి! దీనికి సూత్రం ఉందని చెప్పేవాణ్ణి నమ్మకండి.

‘అటెండ్ టు’: బడికి వెళ్ళాలి గనక ‘కి’ వచ్చింది, అది ‘టు’ అయి కూర్చుంది. ‘టు’ లేకుంటే హాజరు కావడం. ఉంటే నర్సు రోగిని చూసుకున్నట్టు చూసుకోవడం. రెండు రోజులు బడి ఆలనాపాలనా చూడలేనని కవి విన్నపం.

ప్రసక్తానుప్రసక్తం: ‘డిస్కస్ అబౌట్’ అన్న పాపానికి ఎన్ని వీపులు వాచాయో. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘గూర్చి, గురించి’ అన్నవాటిని ద్వితీయలోనే చేర్చాడు. అంటే అది ఉత్త కర్మ. ‘డిస్కస్’ తన కర్మను నేరుగా పుచ్చుకుంటుంది, దానికి ‘అబౌట్’ అక్కర్లేదు. మనకు కర్మ అంటేనే ‘గురించి’. పిల్లవాడి తప్పు ఇంగ్లీషులో. తెలుగులో మాత్రం నిర్దోషి.

ఇక కారుకు ‘ఇన్’, బస్సుకు ‘ఆన్’. లోపల లేచి నడవగలిగితే ‘ఆన్’, ఒదిగి కూర్చుంటే ‘ఇన్’ అని మాస్టార్లు చెప్పే చిట్కా; రైలుకు, విమానానికి కూడా పనికొస్తుంది. మనకు అన్నిటికీ ఒకటే ‘లో’. సంక్రాంతి రద్దీలో టాపెక్కినవాడికి మాత్రం ‘ఆన్’ అక్షరాలా చెల్లుతుంది.

తాత్పర్యము: కుర్రాడికి ఒంట్లో బాగాలేదు, లేదా మ్యాచి ఉంది.

ప్రతి విశేషము: చీటీ మీద ‘విత్’ చుట్టూ ఎర్రసిరాతో సున్న, పైన ‘ఫ్రమ్’. ‘టు’ మీద అడ్డగీత. ‘టూ డేస్’ కొట్టేసి ‘వన్ డే’. కింద మాస్టారి పొట్టి సంతకం.