లెక్కలు రావు సర్టిఫికెట్

కులం సర్టిఫికెట్ కావాలంటే మీసేవ చుట్టూ తిరగాలి. ఆదాయం సర్టిఫికెట్‌కు తహసీల్ ఆఫీసు మెట్లెక్కాలి. షాద్‌నగర్‌లో దరఖాస్తు లేకుండా, ఫీజు లేకుండా ఇంటికే వచ్చే సర్టిఫికెట్ ఒక్కటుంది: "నీకు లెక్కలు రావు." ఆరో తరగతిలో సార్ రాస్తాడు. నాయన ముద్ర గుద్దుతాడు: "మా ఇంటా వంటా లేవు, దీనికెట్లొస్తయి?" ఆడపిల్లయితే మేనత్తది సాక్షి సంతకం. గడువు యావజ్జీవం.

మొన్న కూరగాయల మార్కెట్లో ఆ సర్టిఫికెట్ అందుకున్న పిల్లొకతి కనబడింది. తొమ్మిదో తరగతి. తల్లి పక్కన కాటా ముందు కూచుంది. కిలో 36 చొప్పున కిలోంపావు టమాట, 48 చొప్పున ముప్పావు కిలో బెండకాయ తీసుకుని 200 నోటిచ్చాను. కాగితం లేదు, ఫోను లేదు. 119 చేతిలో పెట్టి, కొసరు కరివేపాకు సంచిలో వేసింది.

"లెక్కల్లో ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"నాకు లెక్కలు రావు సార్."

సిగ్గు లేదు, బాధ లేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది.

"48లో నాలుగింట మూడు వంతులెంత?"

"భిన్నాలా? అవి అసలే రావు."

ఈ ఘనత మన ఒక్కరిదే కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బేరంలో తిరుగులేని పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. వాళ్లకు మాత్రం ఎవరూ 'రావు' అని రాసివ్వలేదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త సియన్ బైలాక్ బృందం 2010లో చూపింది ఇంకా ఘాటు: లెక్కలంటే బెదిరే టీచరమ్మల దగ్గర ఏడాది చదివాక, 'లెక్కలు మగపిల్లలవి' అని నమ్మిన ఆడపిల్లలే వెనకబడ్డారు. పాపం, మన మేనత్తను వాళ్లు చూడలేదు.

'నమ్ము, ర్యాంకు నీదే' అనే కాలేజీ ఫ్లెక్సీలది మరో మోసం. ఎక్కాలు రాకుండా నమ్మకం ఏం చేస్తుంది? అది చేసేదల్లా, లెక్క తెమలనప్పుడు ఇంకో పది నిమిషాలు కూచోబెట్టడం. 'రాదు' అని రాసిచ్చిన పిల్ల ఆ పది నిమిషాలు ఎందుకు కూచుంటుంది? లేస్తుంది, తప్పుతుంది. సార్ మాట తప్పని మనిషని పేరొస్తుంది.

ఊరి దగ్గరే ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రం ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి డేటా దింపుకుంటోంది. ఊళ్లో మనం పిల్లల తలల్లోంచి లెక్కలు దింపేస్తున్నాం.

ఈసారి ఎవరన్నా మీ ముందే ఆ సర్టిఫికెట్ రాయబోతే, ఫోను లాక్కుని కాటా ముందు కూచోబెట్టండి. 200 నోటు మాత్రం అప్పుడే చేతికివ్వకండి.