దోసె సేవ, ముప్పావుగంట

మా అన్నకూతురు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేస్తే ఇదివరకు నా బీపీ గురించి అడిగేది. ఈమధ్య ఊరందరి బీపీ గురించీ అడుగుతోంది. "చిన్నాయనా, ముళబాగిల్లో పేషెంట్లు బాగా ఉంటారు కదా?" అని. ఉండకేం తల్లీ, దండిగా ఉన్నారు.

సంగతేమంటే, ఆమె బిడ్డకు బీఎస్-ఎండీ సీటు కావాలి. అమెరికాలో డాక్టరు కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, ఆపైన మెడికల్ కాలేజీలో ఇంకో నాలుగేళ్లు. ఈ జోడు కోర్సులో అయితే స్కూల్లో ఉండగానే రెండు సీట్లకూ కర్చీఫు వేసేయొచ్చు. బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్లు, ఎంక్యాట్ బాధ లేదు. మిస్సోరీ-కాన్సాస్ సిటీ యూనివర్సిటీవాళ్లు 1971 నుంచి ఆరేళ్లలోనే ముగిస్తున్నారు. మన పిల్లలు పీయూసీ కాగానే నీట్ రాసి నేరుగా ఎంబీబీఎస్‌లో చేరడం లేదా, అక్కడ అదే మహాభాగ్యం. కాకపోతే నీట్‌కు మన మనసుతో పనిలేదు. రైటయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి, మొత్తం 720. అక్కడ మార్కులు చాలవు, బిడ్డకు దయ ఉందని రుజువు చూపించాలి. ఆ దయ మా ఊళ్లో చవగ్గా దొరుకుతుందని ఎవరో కన్సల్టెంటు చెప్పాడట, ఫీజు తీసుకుని మరీ.

జులై సెలవుల్లో పిల్ల దిగింది. మంచి పిల్లే. చేతిలో ఓ నోటుబుక్కు. తారీఖు, చేసిన సేవ, పట్టిన సమయం, మూడు గడులు. ఉచిత శిబిరంలో ముసలమ్మలను వరుసలో కూచోబెడితే రెండు గంటలు. కళ్లద్దాల పెట్టెలు మోస్తే అరగంట.

దోసె తినిపిద్దామని తీసుకుపోయాను. ముళబాగిలు దోసె గురించి నన్ను కదిలించకూడదు. చిన్నది, మందంగా ఉంటుంది, అంచు కరకరమంటుంది, నడుమ దూదిలా మెత్తన. లోపల ఎర్ర చట్నీ పూసి ఉర్లగడ్డ పల్యం పెడతారు. నెయ్యి అడగనక్కర్లేదు, అదే వేళ్లమీదికి కారుతుంది. బెంగళూరులో మా ఊరిపేరు బోర్డుమీద రాసి, పొడుగ్గా పలచగా ఏదో చుట్టిచ్చి, దాన్ని ముళబాగిలు దోసె అంటారు! ఓసారి సర్వరును నిలదీస్తే "మీదే ఊరు సార్?" అన్నాడు. చెప్పాను. "ఓ, అక్కడా దొరుకుతుందా?" అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. ఇదంతా పిల్లకు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని నోటుబుక్కు తీసి రాసుకుంది. తొంగిచూశాను. కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్, ముప్పావుగంట.

పోయేముందు సంతకం పెట్టమంది. హోదా గడిలో 'గ్రామపెద్ద' అని తనే రాసేసింది. టౌనుకు గ్రామపెద్ద ఏమిటని అడిగితే, "అట్లా ఉంటే బాగుంటుందంట తాతా, అమ్మ చెప్పింది" అంది.

శిబిరంలో ఓ ముసలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, మళ్లీ ఎప్పుడొస్తావమ్మా అనడిగింది. పిల్ల నా మొహం చూసింది. నేనేం చెప్పను? ఇక్కడ నీట్ రాసి డాక్టర్లయిన మా వీధి పిల్లలే ఒక్కరూ మా వీధిలో లేరు. పండక్కి వస్తారు, బీపీ చూస్తారు, ఉప్పు తగ్గించమంటారు, సాయంత్రానికి బెంగళూరు కారెక్కుతారు. పెద్ద జబ్బయితే మేం హైవే పట్టుకుని కోలారుకు పోవాల్సిందే. వాళ్లనేమీ అనలేను, నా కొడుకు ఇంజినీరై వాళ్లకంటే ముందే పోయాడు.

సేవ గంటలు ఇంకా తక్కువ పడ్డాయట. మిగిలినవి ఆన్‌లైన్లో చేయొచ్చా అని అన్నకూతురు అడుగుతోంది.