బస్తీ తీసేస్తారంటే: చెవిన పెట్టకూడని ఐదు సలహాలు

రాయచూరు కొళగేరుల్లో, అంటే మురికివాడల్లో, సర్వేవాళ్లు టేపుతో దిగితే చాలు, తలా ఒక సలహా చెబుతారు. వాటిలో ఈ ఐదూ కొంపలు ముంచేవే.

1. "బస్తీ ఎత్తేస్తేనే ఊరు బాగుపడుతుంది."
1973 నాటి కర్ణాటక మురికివాడల చట్టం పేరులోనే తొలగింపు కంటే ముందు అభివృద్ధి ఉంది. ఇరుకు సందులు, గాలీ వెలుతురూ లేని ఇళ్లు, పారిశుద్ధ్య లోపం జనం ఆరోగ్యానికి ముప్పు తెస్తే ఆ చోటును మురికివాడగా ప్రకటిస్తారు. ఆ ముప్పు తీర్చడమే ప్రజా ప్రయోజనం. 2022లో కలుషిత నీళ్లు తాగి రాయచూరులో ప్రాణాలు పోయాయి. కాబట్టి ముందు మంచినీళ్ల పైపు, మురుగుకాల్వ అడగండి.

2. "సర్కారు పనికి అడ్డు చెప్పకూడదు."
2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక, ఆ భూమితో సంబంధమున్నవాళ్లు 60 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చు. ప్రజా ప్రయోజనమన్న మాటకు ఆధారమేమిటని కూడా అడగొచ్చు. అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి.

3. "పట్టా లేనివాడికి నోరెక్కడిది?"
జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సేకరించే పట్టణ భూమిలో మూడేళ్లుగా కాపురమున్న కుటుంబాన్ని 2013 చట్టం బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పాత కరెంటు బిల్లులు భద్రంగా దాచండి.

4. "పెద్ద కంపెనీ వస్తే అందరికీ ఉద్యోగాలే."
అమెరికాలోని న్యూ లండన్‌లో ఇదే ఆశ చూపి ఇళ్లు తీసుకున్నారు. 2005లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో సరేనంది. చెప్పిన కట్టడాలు లేవలేదు. ఆ నేల ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆశ చూపినవాళ్లను గడువు అడగండి.

5. "ముందు ఖాళీ చెయ్యి, ఇల్లు తర్వాత ఇస్తారు."
ఇల్లు ఎక్కడ, ఎప్పటికి, ఎవరి పేరున? హక్కుపత్రం ఎప్పుడిస్తారు? అంతదాకా ఉండేదెక్కడ? కూలిపనికీ పిల్లల బడికీ ఎంత దూరం? వీటన్నిటికీ కాగితం మీద జవాబు రానిదే గడప దాటకండి.

బాగుపడిన వాడలో పాత కుటుంబాలు నిలిస్తేనే అది ప్రజా ప్రయోజనం. ఈ చట్టాలను బస్తీ మీటింగులో అందరికీ చదివి వినిపించండి. సంతకాలు ఆ తర్వాతే పెట్టండి.