‘సెన్సార్ పోయింది సార్’: సటీకా తాత్పర్యము

అవతారిక. మే నెల మధ్యాహ్నం, కూకట్‌పల్లి ట్రాఫిక్. 2004 నాటి మారుతి 800 ఒకటి సిగ్నల్ దగ్గర నిలిచింది. డ్యాష్‌బోర్డులోని వేడి ముల్లు మెల్లగా సి అక్షరాన్ని వదిలి, నడుమ గీతను దాటి, హెచ్ అక్షరం మీద వాలింది. కథానాయకుడు, అనగా బండి యజమాని, ఏసీ ఆపి, అద్దాలు దించి, ఇష్టదైవాన్ని తలచుకుంటూ దగ్గర్లోని షెడ్డుకు చేరాడు. మెకానిక్ బోనెట్ ఎత్తి లోపలికి ఒక చూపు, యజమాని చొక్కా వైపు ఒక చూపు చూసి, ఉచ్చరించిన వాక్యమే ఇక్కడ మూలం:

“సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం.”

ఇంత చిన్న వాక్యానికి టీక ఎందుకని అడగవచ్చు. 1983లో పుట్టి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిన ఈ 796 సీసీ బండిని, కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాదులో 2010లోనే అమ్మడం మానేశారు. అయినా ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. బండి ఉన్నంతకాలం పై వాక్యమూ పారాయణలో ఉంటుంది. పైగా వ్యాఖ్యానం తెలుగునేలకు కొత్త కాదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి, చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తన ‘సంజీవని’ అనీ చెప్పుకున్నాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకున్న నియమం. షెడ్డుల్లో ఈ నియమానికి ప్రచారం తక్కువ.

ప్రతిపదార్థం.

సెన్సార్ = ఇంజన్‌లో కూలెంటు పారే దారిలో మరతో బిగించిన చిన్న ఇత్తడి ముక్క. దాని కడుపులో థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. మీటరు కోసం పెట్టిన పాతకాలపు సెన్సార్‌కు ఒకటే వైరు. కరెంటు తాళంచెవి నుంచి మీటరులోకి, అక్కడి నుంచి ఆ వైరు గుండా సెన్సార్‌లోకి, దాని మరచుట్ల మీదుగా ఇంజన్ లోహంలోకి పోయి ఎర్త్ అవుతుంది. నీళ్ళు కాగితే నిరోధం తగ్గి, కరెంటు ఎక్కువ పారి, ముల్లు హెచ్ వైపు నడుస్తుంది. యజమాని డ్యాష్‌బోర్డు మీద చదివేది మూలప్రతి కాదన్నమాట. ఇంజన్ చెప్పింది సెన్సార్ రాసుకుంది, దాన్ని వైరు ఎత్తిరాసింది, మీటరు మళ్ళీ ఎత్తిరాసింది. నడుమ ఎర్త్ అనే మరో లేఖకుడు, పేరు ఎక్కడా వేసుకోకుండా, చేయి చేసుకుంటూనే ఉంటాడు.

పెట్రోల్ ఇంజెక్షన్ బళ్ళలో చాలావాటికి ఈసీయూ, అనగా ఇంజన్ కంప్యూటర్, కోసం వేరే సెన్సార్ ఉంటుంది, దానికి రెండు వైర్లు. ఆ వైరు తెగితే ఇంజన్ మంచులో నిలబడి ఉందని ఈసీయూ భ్రమిస్తుంది. పెట్రోలు ఎక్కువ పోస్తుంది, సైలెన్సర్ నల్లగా పొగ కక్కుతుంది. స్కానర్ పెడితే పి0118 అనే కోడ్ రావచ్చు. మీటరు ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు నడుమనే ఉంటుంది. కనుక ‘సెన్సార్’ అన్నప్పుడు ‘ఏది?’ అన్న ఆకాంక్ష మిగిలిపోతుంది.

పోయింది = ఈ క్రియ దగ్గరే పండితులు తడబడతారు. పోవడం రెండు విధాలు. లోపల తెగిపోతే కరెంటు పారదు, ముల్లు సి మీద పడుకుంటుంది. షార్ట్ అయితే కరెంటు పొంగిపొర్లి ముల్లు హెచ్‌కు అంటుకుంటుంది. ఒకే మాటకు రెండు విరుద్ధార్థాలు కుదిరినప్పుడు సందర్భం చూడాలి. ఇక్కడి సందర్భం హెచ్. ముల్లు హెచ్ మీద ఉంటే సెన్సార్ కన్నా ముందు అనుమానించవలసినవి రెండున్నాయి: ఒకటి ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్న వైరు, రెండోది ఇంజన్ నిజంగానే కాగిపోవడం. రెండోదాన్ని మరిచిన వ్యాఖ్యాతల వల్లనే అల్యూమినియం హెడ్లు వంగుతాయి.

సార్ = సంబోధన. బిల్లు ఎవరి పేర రాయాలో సూచిస్తుంది.

మార్చేద్దాం = ‘మనం’ కలిసి చేద్దామని అర్థం. పనిలో ఒకరు, ఖర్చులో మరొకరు.

అన్వయం. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, ముల్లును చూసి వేడిని ఊహిస్తున్నాం. తార్కికులు వెంటనే అడ్డుపడతారు: వేడి లేకపోయినా, బోడి వైరు బాడీకి తగిలితే ముల్లు పైకి పోతుంది కదా? అలాంటి హేతువు సవ్యభిచారం, హేత్వాభాసాల్లో ఒకటి. విరుగుడు కూడా శాస్త్రంలోనే ఉంది, అన్వయవ్యతిరేకాలు. అది ఉంటే ఇది ఉందా, అది లేకపోతే ఇది పోయిందా అని చూడటం. షెడ్డులో దీనికి డబ్బు ఖర్చు లేదు.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా తాళంచెవి మాత్రం తిప్పి, సెన్సార్ వైరు ఊడదీయాలి. ముల్లు సికి దిగాలి. వైరు ఊడదీసినా హెచ్ మీదే మొండికేస్తే సెన్సార్ నిర్దోషి, తప్పు వైరుదో మీటరుదో. తరువాత ఆ వైరు కొసను ఇంజన్ లోహానికి ఒక్క క్షణం తాకించాలి. ముల్లు హెచ్ వైపు లేస్తే వైరూ మీటరూ బాగున్నాయి. ఎక్కువసేపు పట్టుకుంటే మీటరే కాలిపోవచ్చు. టయోటా మాన్యువళ్ళు నడుమ 3.4 వాట్ల బల్బు పెట్టి తాకించమంటాయి, అది మంచి పద్ధతి. రెండు వైర్ల సెన్సార్‌కు మాత్రం ఈ తాకింపులు పనికిరావు, దానికి మల్టీమీటరే. విస్తారంగా వాడే బాష్ రకం 20 డిగ్రీల దగ్గర దాదాపు 2,500 ఓములు, 80 దగ్గర 320, 100 దగ్గర 190కి కాస్త తక్కువ చూపుతుంది. మీటరు సెన్సార్ల అంకెలు వేరు, బండికో రకం. కానీ వేడి నీళ్ళలో పెడితే అంకె నిలకడగా తగ్గుతూ రావాలి. తగ్గకుండా గంతులు వేస్తే మెకానిక్ చెప్పిందే నిజం, మార్చవలసిందే. ముసలి సెన్సార్లు నిజంగానే పోతాయి. ఆయన్ను అన్నిసార్లూ అనుమానించడం కూడా అపవ్యాఖ్యే.

లేఖక దోషాలు. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందంటే వేడి మారినందువల్ల కాదు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది, లేదా మీటరు వెనక ఎర్త్ వదులైంది. సాండ్‌పేపర్‌తో రుద్ది బిగిస్తే పాఠం శుద్ధమవుతుంది. మరొకటి, నీళ్ళు కారకుండా సెన్సార్ మరలకు దట్టంగా చుట్టే టెఫ్లాన్ టేపు. ఒంటి వైరు సెన్సార్‌కు ఆ మరలే ఎర్త్. వాటికి ముసుగు వేస్తే వేడి ఎంత ఉన్నా ముల్లు తక్కువే చదువుతుంది. కొత్త సెన్సార్ వేశాక ‘ఇప్పుడు చల్లగా ఉంది సార్’ అన్న మాట వినబడితే టేపు ఉందేమో చూడటం మంచిది.

1960ల నాటి బ్రిటిష్ కార్లు పెంచుకునేవారికి అదనంగా ఒక పాత్ర ఉంది. స్మిత్స్ మీటర్ల వెనక వోల్టేజీ స్టెబిలైజర్, కొట్టుకుంటూ ఆగుతూ సగటున 10 వోల్టులు పంపుతుంది. పెట్రోలు ముల్లూ వేడి ముల్లూ ఒకేసారి అతిశయోక్తికి దిగితే రెండు సెన్సార్లు కూడబలుక్కుని పోయాయనుకోనక్కరలేదు. స్టెబిలైజర్‌దో దాని ఎర్త్‌దో పని.

తాత్పర్యం. “కారణం ఇంకా తెలియదు, చవకైన వస్తువుతో మొదలుపెడదాం” అని మెకానిక్ భావము.

పాఠాంతరాలు. కొన్ని షెడ్డుల్లో ‘నీళ్ళు తక్కువున్నాయి సార్’ అన్న పాఠం దొరుకుతుంది. ఇది ప్రామాణికం, ప్రాణాంతకం కూడా. కూలెంటు బాగా తగ్గితే సెన్సార్ మొన నీటిలో కాక గాలిలో వేలాడుతుంది. ఇంజన్ లోపల కుతకుతలాడుతున్నా ముల్లు సి వైపు జారవచ్చు. హెచ్ దాకా పోయిన ముల్లు ఉన్నట్టుండి దిగిందంటే సంతోషించకూడదు, బండి ఆపాలి. ఆపాక రేడియేటర్ మూత మీద చెయ్యి వేయకూడదు. 0.9 కిలోల ఒత్తిడి మూత కింద నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత తిప్పిన మరుక్షణం ఆవిరై ముఖం మీదికి లేస్తాయి.

వేడి నిజమని తేలితే, ఎప్పుడు పెరిగిందో అడగాలి. సిగ్నల్ దగ్గర ఎక్కి బండి కదిలితే దిగుతుందా? ఫ్యాన్ తిరగడం లేదు. విజయవాడ హైవే మీద 80లో పోతుంటే ఎక్కుతుందా? రేడియేటర్ పూడుకుపోయింది, లేదా పంపు అలసింది. లేజర్ థర్మామీటరుతో చూసేవారు మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అంకె తక్కువ వస్తుంది. ముందు నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి.

ఇక ‘థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఎండలకెందుకు’ అన్నది ప్రక్షిప్తం, అనగా తరువాత ఎవరో చొప్పించినది. జనం నోట బాగా నలిగింది కనుక ప్రాచీనమని భ్రమ కలుగుతుంది. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంటును ఆపే ఈ వాల్వును తీసేస్తే హైవే మీద ముల్లు లేవదు, యజమాని మురిసిపోతాడు. ఇంజన్ మాత్రం చాలినంత వేడెక్కక పెట్రోలు తాగుతూ అరిగిపోతుంది. పాఠనిర్ణయం సులువు. వాల్వు మీద తెరుచుకోవలసిన వేడి ముద్రించి ఉంటుంది, సాధారణంగా 82 లేదా 88. గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వాల్వును వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి స్టౌ వెలిగించాలి. ఆ అంకె దగ్గర లోపలి మైనం కరిగి నోరు తెరవడం మొదలుపెట్టి, చల్లారితే మూస్తే దాన్ని మళ్ళీ బండిలోనే బిగించాలి. తెరవకపోతే కొత్తది వేయాలి. గిన్నెను మాత్రం మళ్ళీ వంటింట్లోకి తేకూడదు.