గార రోడ్డు మీద 120 గుర్రాలు

పాత్రలు:
గుర్రాల బాబు: బెంగళూరు ఉద్యోగి. సెకండ్‌హ్యాండ్ టర్బో కారుకు, అయిదేళ్ల కిస్తీలకు యజమాని.
మలుపుల మాస్టారు: రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. సొంత వాహనం సైకిలు. ఆరాధించే వాహనం జపానుది.
మెకానిక్: పంక్చర్ల నుంచి ఇంజన్ల దాకా అన్నీ ఈయనే.
టీ పిన్ని: కొట్టు ఆవిడది, కాబట్టి ఆఖరి మాటా ఆవిడదే.

(కళింగపట్నం బీచ్ దగ్గర టీ కొట్టు. వెనక లైట్‌హౌస్. ఎదురుగా ఎర్ర కారు, చుట్టూ పిల్లలు.)

బాబు: పిన్నీ, మూడు టీలు. బానెట్ మీద మాత్రం పెట్టకు. లోపల 120 గుర్రాలున్నాయి.

టీ పిన్ని: ఓలమ్మ! అన్ని గుర్రాలకి ఉలవలెవుడు పెడతాడు బావు?

మెకానిక్: నెలనెలా ఈయనే పెడతాడు పిన్నీ, బంకు కాడ.

బాబు: నవ్వండి, నవ్వండి. పది లక్షల లోపు స్పోర్ట్స్ కారు అంటే ఒకప్పుడు కలే. 2015లో ఫియట్ వాళ్లు అబార్త్ పుంటో తెచ్చారు. 145 గుర్రాలు, షోరూమ్ ధర 9.95 లక్షలు. జనానికి ఎక్కలేదు. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది, 120 గుర్రాలు. 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్, అదీ 120. దేశం ఎంత ముందుకు పోతోందో చూడండి!

మాస్టారు: 145 నుంచి 120కి రావడాన్ని మా బడిలో తగ్గడం అనేవాళ్లం. అది సరే, ఆ 120 మాత్రం ఎందుకు? గాలినీ, టైర్ల రాపిడినీ నెట్టుకుంటూ నీ కారు చదును రోడ్డు మీద వంద వేగంతో సాగిపోవడానికి 15, 20 గుర్రాలు చాలు. నాలుగు లైన్ల హైవే మీద కార్లకు చట్టం ఇచ్చిందీ ఆ వందే. మిగతా వంద గుర్రాలూ ఏం చేస్తున్నట్టు?

బాబు: ఓవర్‌టేక్ చేస్తాయి మాస్టారూ! ముందు లారీ ఉందనుకోండి, ఒక్క తొక్కు చాలు.

మెకానిక్: గార రోడ్డెక్కినాక లారీ ఏటి బాబూ, ముందు గేదెలుంటాయి. ఆటిని దాటుదామంటే కుడేపు ధాన్యం ఆరబోసుంటాది.

మాస్టారు: అందుకే కారుకి మలుపు తిరగడం, అదే హ్యాండ్లింగు, రావాలంటాను. 1989లో మాజ్దా వాళ్లు మియాటా తెచ్చారు. 1.6 లీటర్ల ఇంజను, 115 చిల్లర గుర్రాలు, టన్ను లోపు బరువు. ఆ బరువు ముందు సగం, వెనక సగం. అంత చిన్న కారు 2016 కల్లా పది లక్షలు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో దానికి సాటి లేదు.

బాబు: మీరు తోలారా?

మాస్టారు: మన దేశంలో అమ్మలేదు.

బాబు: పోనీ, చూశారా?

మాస్టారు: వీడియోల్లో చూశాను. స్టీరింగు ముట్టుకోగానే ఎంత ఒద్దికగా తిరుగుతుందనీ!

టీ పిన్ని: ఒకరికి కారు నేదు, ఒకరికి రోడ్డు నేదు. ఇద్దరూ నా కొట్టులో రేసెట్టీసినారు.

బాబు: రేసంటే గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అదే కరెంటు కార్ల రేసు, జరిగింది కదా. ఒక్కో కారుకు 350 కిలోవాట్లు. దాదాపు 470 గుర్రాలు! అదీ పవరంటే.

మాస్టారు: అందరికీ అంతే కదా? మరి ఒక్కడే ఎలా గెలిచాడు? మూడు కిలోమీటర్లు నిండని దారిలో 18 మలుపులు. బ్యాటరీ అడుగంటుతున్నా వెనకున్న డ్రైవర్ కాసిడీకి సందివ్వకుండా వెర్న్ గెలిచాడు. (పుల్ల తీసుకుని ఇసకలో గీస్తూ) ఇటు చూడు. ఇది 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు. పొడి తారు మీద టైరు పట్టు 0.8 అనుకో. గంటకు 70 కిలోమీటర్లు దాటితే కారు రోడ్డు విడిచిపోతుంది. వాన పడి పట్టు సగమైతే, 50కే. ఈ సూత్రంలో హార్స్‌పవర్ ఎక్కడుందో చూపించు.

బాబు: (వంగి వెతికి) లేదు.

మెకానిక్: హ్యాండ్లింగు ఎక్కడున్నాది మాస్టారూ?

మాస్టారు: (పుల్ల ఆపి) అంటే... సస్పెన్షన్ బాగుంటే ఆ పట్టుని పూర్తిగా వాడుకోవచ్చని...

మెకానిక్: ఆ పట్టు ఎవులిది? టైరుది. ఒక్కో టైరు నేలని తాకేది అరచెయ్యంత మేర. మీ జపాను సొగసైనా, ఈయన గుర్రాలైనా ఆ నాలుగు అరచేతుల మీదే నిలబడాల. బాబూ, ఓపాలి ఇలగ రా. (ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని గాడిలో వేలు పెడతాడు) గాడి అడుగున సిన్న గట్టు కనబడతాదా? రబ్బరు అరిగి ఆ గట్టుకి సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. టైరు మార్సాలని రూలు. నీకు గట్టూ గాడీ ఒక్కటైపోనాయి. సముద్రపు గాలికి ఈ రోడ్డు మీద ఇసక పరుసుకుంటాది. నువ్వు ఇంటికెల్లడం మీ అమ్మ సేసుకున్న పుణ్యం.

బాబు: టైర్లు తర్వాత చూద్దాం. ముందు రీమ్యాప్ బుక్ చేశాను. కంప్యూటర్ తగిలించి ఇంజనుకి ఇంకో 20 గుర్రాలు ఎక్కిస్తారు.

టీ పిన్ని: ఉన్నోటినే ఆపనేకపోతుంటే ఇంకో ఇరవయ్యా! ఈ రేవు నుంచి ఎన్ని తెరసాప ఓడలెల్లినాయి! ఒక్క గుర్రం నేదు. సుక్కాని నేకుండా మాత్రం ఒక్కటీ ఎల్లనేదు.

మాస్టారు: విన్నావా? పిన్ని మన పార్టీ.

టీ పిన్ని: సుక్కాని పట్టినోడికి ఓడుండేది మాస్టారూ.

(కాసేపు టీ జుర్రుకునే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.)

బాబు: సరే, మీ మాట కాదనను. టైర్లు మార్చేస్తాను. కానీ మార్చేదేదో 17 అంగుళాల రిమ్ములు వేయిస్తాను. మీద పల్చటి టైర్లు. ఫొటోలో కారు నేలకి అతుక్కున్నట్టుంటుంది.

మాస్టారు: (కళ్లు మెరుస్తాయి) భేష్! టైరు పక్క గోడ పొట్టిగా ఉంటే మలుపులో వంగదు. స్టీరింగు తిప్పిన మరుక్షణం ముక్కు తిరుగుతుంది.

బాబు: మాస్టారూ, మీరు నాతో ఏకీభవిస్తున్నారా?

మాస్టారు: పూర్తిగా! ఇవాళ్టితో మన తగువు తీరిపోయింది.

మెకానిక్: నాకూ సంతోషమే. ఈ రోడ్డు గుంతలకి ఆ రిమ్ములు నెలకోటి వంకరపోతాయి. స్లాబు కాడ ఆగిపోయిన నా ఇల్లు సంక్రాంతికి పూర్తయిపోద్ది. గృహప్రవేశానికి ఇద్దరూ తప్పకుండా రావాల. బాబు మాత్రం బస్సులో వస్తాడు.