అత్తల మార్పిడికి అభ్యంతరం లేదు

హైదరాబాద్‌లో పేదలకు సర్కారిచ్చిన డబుల్ బెడ్రూం ఇంటికి తాళం కనిపిస్తే పట్టా రద్దట. అధికారులు మళ్లీ చెప్పారు. అమ్మొద్దు, కిరాయికివ్వొద్దు, ఇంకొకరికి బదలాయించొద్దు. ఇచ్చిన ఇంట్లోనే పడుండాలి. సరే, రూలు రూలే. దానికి లోబడే నాకో ఉపాయం తట్టింది.

ఉప్పల్‌లో కూరగాయలమ్మే ఒక యాదమ్మ అనుకోండి. డ్రాలో ఆమెకు కొల్లూరు వచ్చింది. తెల్లాపూర్ విల్లాల్లో వంట చేసే లక్ష్మి అనుకోండి. ఆమెకు రాంపల్లి. తూర్పున పనున్నావిడకు పడమట ఇల్లు, పడమట పనున్నావిడకు తూర్పున. ఇద్దరూ తాళంచెవులు మార్చుకుంటే పది నిమిషాల్లో తెమిలే సంగతి. కానీ అది నేరం. కాబట్టి ఇళ్లు వదిలేసి మిగతావన్నీ మార్చుకుంటే సరి!

రేపట్నుంచి యాదమ్మ విల్లాలో వంట చేస్తుంది, లక్ష్మి ఉప్పల్‌లో తక్కెడ పడుతుంది. యాదమ్మ ఉద్దెర పుస్తకం లక్ష్మికి, లక్ష్మి చిట్టీ బాకీ యాదమ్మకు. బడులు కదలవు గనక పిల్లలు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. అత్తల దగ్గరికొచ్చేసరికి ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. "ఈ ముక్క ముందుగాల చెప్పొద్దా అన్నా!" అన్నారు. భర్తల సంగతి మాత్రం విడిగా మాట్లాడుకుంటారట.

తనిఖీకి సారొస్తాడు.

"యాదమ్మెవరు?"

"నేనే సార్."

"ఈ పిల్ల?"

"లక్ష్మి బిడ్డ సార్."

"ఆ ముసలామె?"

"లక్ష్మి అత్త సార్."

"మరి ఇల్లు?"

"ఇల్లు మాత్రం నాదే సార్."

సారు తృప్తిగా టిక్కు పెట్టుకుని పోతాడు.

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్లలో కిరాయికుండేవాళ్లకు ఇంత తెలివి అక్కర్లేకపోయింది. అక్కడ ఇల్లే మార్చుకోవచ్చు. 1985 నాటి చట్టంలో రాసిన కారణాలుంటే తప్ప కౌన్సిల్ కాదనకూడదు, ఆ మాటైనా 42 రోజుల్లోపు చెప్పాలి.

ఇక్కడ కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టారు, 2023లో రిబ్బన్ కత్తిరించారు. 560 చదరపు అడుగులు, లిఫ్టు, మంచి ఇళ్లే. కాదనను. కానీ కూలిపని చేసుకునే మనిషికి ఇల్లిస్తూ, ఆ కూలి ఎక్కడ దొరుకుతుందో చూడాలని ఒక్కరికీ తోచలేదా? కిరాయికిచ్చుకుని సొమ్ము చేసుకునేవాళ్లున్నారు, పట్టుకోండి, ఎవరొద్దన్నారు? చీకటితో లేచి, నిద్రపోయే పిల్లాణ్ని చంకనేసుకుని, మొదటి బస్సు కోసం పరుగెత్తే ఆడమనిషి వేసిన తాళమూ మీకు దొంగతాళంలాగే కనబడుతోందా? రోజూ గంటలకు గంటలు బస్సుల్లోనే పోతుంటే తన పాత బస్తీలో, చుట్టం ఇరుకు గదిలో వారమంతా తలదాచుకోవడం మోసమా?

అయ్యా, మీరు తనిఖీకి వచ్చేది పదకొండు గంటలకు. ఒక్కరోజు తెల్లారుజామున నాలుగున్నరకు రండి. తాళం వేసే మనిషి మెట్ల దగ్గరే కనిపిస్తుంది. నోటీసు తలుపుకు అంటించకండి, ఆమె చేతికే ఇవ్వండి.