దెయ్యమే నయం!

హింసాత్మక హారర్ సినిమాలు సమాజాన్ని చెడగొడుతున్నాయా? జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, థియేటర్ గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి, యూఏ సర్టిఫికెట్‌కి 7, 13, 16 ఏళ్ల మెట్లు కట్టారు. ‘ఏ’ సంగతి సరేసరి, 18 నిండనివాళ్లకి ప్రవేశమే లేదు. కానీ గేటు దగ్గర బుడ్డోడి వయసు అడిగే నాథుడు లేడు. అమ్మ సంచిలోని జంతికల పొట్లం మాత్రం క్షణాల్లో పట్టుబడిపోతుంది!

తెరమీద పీక తెగగానే నాన్న ఒక చేత్తో వాడి కళ్లు మూస్తాడు. చెవులు మూద్దామంటే రెండో చేతిలో పాప్‌కార్న్!

ఇంటికొస్తే వార్తా ఛానల్లో అసలు హత్యే. ఎర్ర వలయం గీసి, బాణం గుర్తు పెట్టి, తిప్పి తిప్పి చూపిస్తారు. దానికి సర్టిఫికెట్టూ లేదు, శుభం కార్డూ లేదు. ఆఖర్న యాంకరే వాపోతాడు, ‘ఈ సమాజం ఎటు పోతోంది?’ అని.

పాపం, సినిమా దెయ్యం రెండున్నర గంటల్లో వదిలిపోతుంది. రిమోట్ పట్టుకున్న పెద్దల్ని వదిలించే భూతవైద్యుడే ఇంకా పుట్టలేదు.